చింతపండుతో తోమిన గంట

మార్చి 11, మంగళవారం. పనులు ఆరు. బట్టలు రెండు లోడ్లు. ఇడ్లీ పిండి రుబ్బడం. అమ్మాయి పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ మార్చడం. గరాజ్‌లో అరలు తుడవడం. పక్కింటి ఉత్తరాలు తీసి పెట్టడం. మాస్టారికి మిరియాల చారు పట్టుకెళ్ళడం. అయినవి ఐదు.

ఆ రోజు నా నోటుబుక్కులో ఉన్నది ఇంతే. ఆరో పని కోసం చారు ఫ్లాస్కులో పోసి మూత బిగిస్తుండగా ఫోన్ వచ్చింది. హ్యూస్టన్‌లో ఉండే మాస్టారి కూతురు. "నాన్న పొద్దున పోయారు. ఆయన ఫోన్లో మీ నంబరే పైన ఉంది, అందుకే ముందు మీకు చేశాను" అంది. ఇంకేమో చెప్పింది. శనివారం ఖననం అని, ఆ సాయంత్రమే వచ్చి, మా దగ్గరున్న ఆయన ఇత్తడి గంట తీసుకెళ్తానని. నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నిజం రాయాలి కదా. నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. మాస్టారికి నేనొక మాట బాకీ ఉన్నాను. ఆ మాట ఆయన కూతురికి నా నోటితో చెప్పాలి. ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో మా పక్కిల్లు ఆయనది. పదకొండేళ్ళ పరిచయం. నైజీరియాలోని బెనిన్ సిటీ నుంచి చిన్న వయసులో వచ్చి, ఇక్కడి కాలేజీలో ముప్పై ఏళ్ళు ఆఫ్రికా శిల్పం గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన ముత్తాతలు ఇత్తడి పోత పోసేవాళ్ళు. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడం నా వల్ల కాక 'మాస్టారూ' అనేదాన్ని. అర్థం అడిగి తెలుసుకుని, "పాఠాలు మానేసి ఇన్నేళ్ళయినా ఒక స్టూడెంట్ మిగిలిందన్నమాట" అన్నారు. ఆయన నన్ను 'మేడమ్' అనేవారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

మా ఇంటికి వస్తే తలుపు మూడుసార్లు తట్టి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు ముందుకు కనబడేలా నిలబడేవారు. ఎండైనా వానైనా అంతే. ఒకసారి అడిగాను, అంత దూరం ఎందుకు నిలబడతారని. "తలుపు తీసేవాళ్ళకు నేను పూర్తిగా కనబడాలి మేడమ్. ఈ దేశంలో నేను నేర్చుకున్న మొదటి మర్యాద ఇది" అన్నారు, నవ్వుతూనే. నేను కూడా ఆ తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూడకుండా ఎవరికీ తియ్యను. బెల్ మోగితే గుండె జారుతుంది. ప్రభుత్వం నుంచి కవరొస్తే విప్పేముందు చేతులు కడుక్కుంటాను. హైవే ఎక్కను. నా భయాల సంగతి ఆయనకు తెలుసు. ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు.

నెలకొక శనివారం లైబ్రరీలో ఆయన మాట్లాడేవారు. ఇరవై కుర్చీలు వేస్తే ఏడెనిమిది మంది వచ్చేవాళ్ళం. అందులో సగం మా వాకింగ్ బృందమే, ఏసీలో కూర్చోవచ్చని. ఒక రోజు తెరమీద ఒక మట్టి తల చూపించారు. రెండు వేల ఏళ్ళ పైమాట. కనుపాపల చోట చిల్లులు. నోక్ అనే ఊరి చుట్టుపక్కల తగరం గనుల్లో మట్టి కడుగుతుంటే అలాంటివి బయటపడ్డాయట. అవి ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో దొరికిన ఒక తలని పట్టుకెళ్ళి పెండలం చేలో కర్రకు తగిలించారట, పిట్టలు బెదరడానికి.

"అయితే మన దిష్టిబొమ్మే" అంది మాలో ఒకావిడ. అందరం నవ్వాం. ఎందుకు నవ్వుతున్నారని మాస్టారు అడిగితే, కట్టే ఇంటికి, కాపుకొచ్చిన చేనుకి కోరల బొమ్మ ఎలా కడతామో చెప్పాం.

"మరి మీకు నేను పాఠం చెప్పడమెందుకు? భయపెట్టే ముఖం ఇంటికి కాపలా అని మీకు ముందే తెలుసుగా."

"మా ఇంటికి కట్టలేదండీ, కాలనీ హెచ్‌ఓఏ వాళ్ళు ఫైన్ వేస్తారు" అందావిడ. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

వాళ్ళ శిల్పాల్లో తల ఎందుకంత పెద్దగా ఉంటుందో కూడా ఆ రోజే చెప్పారు. "కొలత తెలియక కాదు. మనిషి తెలివి, అదృష్టం, పుట్టేటప్పుడు తెచ్చుకున్నది, అంతా తలలో ఉంటుందని మావాళ్ళ లెక్క. ముఖ్యమైనది పెద్దగా చేశారు." తలరాత అనే మాట మాకూ ఉందని చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నన్ను మూడుసార్లు పలకమని, రాసుకున్నారు. నోటుబుక్కు మనిషికి ఇంకో నోటుబుక్కు మనిషి దొరికితే ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

మ్యూజియాల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు మారేది. వాళ్ళ రాజభవనాన్ని విదేశీ సైన్యం తగలబెట్టి, ఇత్తడి తలలు, పలకలు ఓడల్లో ఎత్తుకెళ్ళింది. ఇప్పుడవి అద్దాల వెనక ఉన్నాయి. "అవి చూడ్డానికి చేసినవి కావు మేడమ్. ఎదురుగా కూర్చుని మాట్లాడ్డానికి చేసినవి. అన్నేళ్ళుగా వాటితో ఎవరూ మాట్లాడలేదు" అనేవారు.

ఆయన ఇంట్లో ఉన్నది రాజభవనానిది కాదు. వాళ్ళ సొంత ఇంట్లో, పెద్దల్ని కొలిచే అరుగు మీదిది. జానెడు ఎత్తు ఇత్తడి గంట. నాలుగు పలకలుగా, పైకి పోయేకొద్దీ సన్నగా. ఒక వైపు మనిషి ముఖం, బరువైన కనురెప్పలు, చిన్న చెవులు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోశారట. ఎన్ని తరాల నాటిదో ఆయనకే తెలియదు. కొలిచేముందు ఆ గంట మోగిస్తే పోయినవాళ్ళు వచ్చి వింటారని నమ్మకం. అందుకే ఊరికే మోగకుండా లోపల గుడ్డ కుక్కి ఉంచేవారు. హాల్లో కుర్చీకి ఎదురుగా ఉండేది. నల్లగా, మసిపట్టినట్టు. నేనెప్పుడెళ్ళినా దాని కళ్ళు తప్పించుకుని కూర్చునేదాన్ని.

ఈ జనవరిలో మంచువాన పడ్డప్పుడు చెత్తడబ్బా లోపలికి లాగుతూ మాస్టారు జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషన్‌కి ముందు నన్ను పిలిపించి ఇంటి తాళం ఇచ్చారు.

"ఉత్తరాలు తియ్యండి చాలు. ఇంకొకటి. ఖాళీ ఇంట్లో గంటని ఒంటరిగా ఉంచకూడదు. మీ ఇంట్లో ఉంచండి. మోగనివ్వకండి."

మూడూ నోటుబుక్కులో రాసుకున్నాను. గంట తెచ్చి దేవుడి గది పక్క అరలో, ముఖం గోడవైపు తిప్పి పెట్టాను. ఆ కళ్ళంటే నాకంత భయం.

నా అలవాటేమిటంటే, గురువారం సాయంత్రం ఇంట్లో ఉన్న ఇత్తడంతా సింకులో వేసి చింతపండు, ఉప్పు పెట్టి తోముతాను. శుక్రవారానికి దీపాలు మెరవాలి. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఫిబ్రవరిలో ఒక గురువారం దీపపు కుందులు, హారతి పళ్ళెం, మా గంట, ఆచమనం చెంబు తీసి సింకులో వేశాను. చేతులు పని చేస్తుంటే మనసు పిల్ల కాలేజీ ఫారాల మీద ఉంది. లోపల జిడ్డు గుడ్డ ఏదో తగిలితే లాగి పక్కన పడేశాను. తోమాను. సందుల్లో, చెవుల వెనక తెల్లగా గట్టిపడ్డ మురికి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో గీకాను. కడగడానికి పంపు కింద తిప్పినప్పుడు మోగింది. మా గంట మోత కాదు. లావుగా, గొంతులోంచి వచ్చినట్టు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. దించబోతే మూడోసారి.

అప్పుడు చూశాను చేతిలో ఏముందో. ఎర్రగా, నిప్పులా మెరుస్తూ, కళ్ళు నా కళ్ళలోకి పెట్టి ఉంది.

జాకెట్టు ముక్క ఒకటి లోపల కుక్కాను. రెండుసార్లు జారిపోయింది. మా అమ్మాయి వచ్చి చూసి బ్యాగ్ కింద పెట్టేసింది.

"అమ్మా, నువ్వు దాన్ని చింతపండుతో స్క్రబ్ చేశావా? ఆ బ్లాక్ డర్ట్ కాదు. అది లైక్... హండ్రెడ్స్ ఆఫ్ ఇయర్స్."

మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "అసలే గ్రీన్‌కార్డ్ ఫైల్ ఇప్పుడు కదిలింది. ఆయనో, ఆ కూతురో కంప్లెయింట్ ఇస్తే? డ్యామేజ్ చేశారని కేస్ పడితే? నీకు ఎవరి ఇత్తడి ఏదో కూడా చూసుకోవాలని ఉండదా?"

"మీరైనా అనకండి."

"అనట్లేదు. కాఫీ డికాక్షన్‌లో నానబెడితే నల్లబడుద్దంట, వీడియోలో చూపించాడు. ట్రై చేద్దామా?"

నేను డికాక్షన్ కాచాను. అది కూడా రాయాలి. గిన్నె పక్కన గంట పెట్టుకుని పావుగంట నిలబడి, చివరికి డికాక్షన్ సింకులో పారబోశాను. ఒక తప్పు మీద ఇంకో తప్పు పూస్తే రెండూ కనబడతాయని తోచింది.

మర్నాడు ఆసుపత్రిలో మాస్టారికి జ్వరం వచ్చింది. మూడో రోజుకి నిమ్ము చేసిందన్నారు. నేను ఎవరితోనూ అనలేదు గాని లెక్క వేసుకున్నాను. గురువారం గంట మోగింది. శుక్రవారం జ్వరం. మోగితే పోయినవాళ్ళు వస్తారని ఆయనే చెప్పారు. పిలిచింది నేను. వచ్చినవాళ్ళు ఎవరి కోసం వచ్చారు? చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మనని చెప్పుకునేదాన్ని. ఆ వారమంతా పక్కింటి తాళం తీసి లోపలికి వెళ్ళలేకపోయాను. ఉత్తరాలు డబ్బాలోంచే తీసుకుని తిరిగొచ్చేదాన్ని.

జ్వరం తగ్గి ఆయన్ని మళ్ళీ నడక నేర్పే రీహ్యాబ్‌కి మార్చాక, చెప్పాలని బయల్దేరాను. టోల్‌వే మీద పావుగంట, లోపలి రోడ్ల మీద నలభై నిమిషాలు. లోపలి రోడ్లే పట్టాను. గంటని పక్క సీట్లో పెట్టి బెల్టు వేశాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బ్రేకు తొక్కి చెవులు రిక్కించాను. మోగలేదు.

మాస్టారు సగం అయిపోయారు. చేతులు మాత్రం అంతే పెద్దవి. బ్యాగ్‌లోంచి తీసి దుప్పటి మీద పెట్టి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. డికాక్షన్ సంగతి కూడా. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత అడిగిన మొదటి మాట:

"మోగిందా?"

"మోగింది."

"ఎన్నిసార్లు?"

"మూడు."

ఆయన నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. "అయితే నేనెక్కడున్నానో వాళ్ళకు తెలిసింది. పోన్లెండి. టెక్సాస్‌కి దారి వెతుక్కోవడం వాళ్ళకు కష్టమేమోనని నేనే కంగారు పడుతున్నాను."

నాకు నవ్వు రాలేదు. "నా వల్లేనా మాస్టారూ, మీ జ్వరం?"

"నాకు ఎనభై మూడు మేడమ్. దానికి గంట అక్కర్లేదు." గంటని వెలుతురుకి తిప్పారు. "మా అమ్మమ్మ పుల్లటి కాయ రసం, ఇసుక పెట్టి వీటిని తోమేది. కొలిచే రోజు ఇలాగే ఎర్రగా ఉండాలి. ఈ ఎరుపు చూస్తే చెడ్డవి దగ్గరికి రావని. నల్లగా ఉంచడం నేను ఇక్కడికొచ్చాక, మ్యూజియాలు చూసి నేర్చుకున్నాను. మీకు భయం వేసిందన్నారే, అది సరిగ్గా పనిచేస్తోందన్నమాట."

నా భుజాల మీంచి బరువు దిగుతుండగా ఆయన బొటనవేలు గంట చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. రెండో చెవి వెనక కూడా వెతికారు.

"ఇక్కడ తెల్ల సుద్ద ఉండేది" అన్నారు.

నేను ముందుకు వంగి ఆ చోటే చూశాను.

"శాంతికి పెడతాం. మా అమ్మ పెట్టింది. నేను ఇటు వచ్చేసే రోజు. తర్వాత నేను మా అమ్మని చూడలేదు."

టూత్‌బ్రష్‌తో గీకింది నేను. ఆ గదిలో ఏదో యంత్రం టిక్కు టిక్కుమంటోంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక ఆయన గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. పాఠం చెప్పే గొంతు.

"నా వంతు నేను వదిలేశాను మేడమ్. కాని అందులో సగం మా అమ్మాయిది. తను చూడని నానమ్మ చేతిగుర్తు తనకు అదొక్కటే. తనకు మీరే చెప్పాలి."

"మీరు చెప్పండి మాస్టారూ. నాకు భయం."

"తెలుసు. అందుకే మీరే చెప్పాలి. నేను చెప్పను."

గంట మళ్ళీ నాకే ఇచ్చి పంపించారు. తర్వాత రెండు శనివారాలు ఆయన కూతురు పక్కింటికి వచ్చింది. రెండుసార్లూ మా కిటికీ పరదా వెనక నిలబడి ఆమె కారు చూశాను. పనుల జాబితాలో 'చెప్పడం' అని రాసి, రెండుసార్లూ వచ్చే వారానికి ఎత్తి రాశాను. ఆ మధ్యలోనే మార్చి పదకొండు వచ్చింది.

శనివారం ఖననానికి వెళ్ళొచ్చాం. సాయంత్రం మూడున్నరకి తలుపు మీద మూడు దెబ్బలు వినబడ్డాయి. అద్దంలోంచి చూస్తే నల్ల గౌనులో ఆమె, రెండడుగులు వెనక్కి, చేతులు ముందుకు పెట్టుకుని. నేను తలుపు తీశాను.

గంట టేబుల్ మీద పెట్టి ఉంచాను. ఆమె లోపలికి వస్తూనే ఆగిపోయింది.

"ఓ. నాన్న పాలిష్ చేయించారా?"

ఆ ఒక్క మాటతో ఆమె నాకు తప్పించుకునే తలుపు తెరిచి పట్టుకుంది. అవునంటే అయిపోతుంది. కాదనడానికి ఆయన లేరు. ఆమె వెనక సోఫాలో మా ఆయన తల వంచుకుని ఉన్నారు. నాకు తెలుసు, అవునను అనే అనుకుంటున్నారు. నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న కాగితాలు ఆయనకు కనబడుతున్నాయి, నాకూ కనబడుతున్నాయి. గంట ముఖం నావైపే తిరిగి ఉంది. ఆ రోజు గోడవైపు తిప్పిపెట్టినందుకు ఇప్పుడు సిగ్గనిపించింది.

"లేదు. నేను తోమాను" అన్నాను. "చింతపండుతో. మా పూజ సామానుతో కలిపి. చెవుల వెనక మీ నానమ్మ పెట్టిన సుద్ద ఉందని తెలియక బ్రష్‌తో తీసేశాను. మీ నాన్నగారికి చెప్పాను. మీకు కూడా చెప్పమన్నారు. రెండు వారాలు చెప్పలేకపోయాను."

ఆమె గంట చేతిలోకి తీసుకుంది. తండ్రి లాగానే బొటనవేలు చెవి వెనక్కి వెళ్ళింది, ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చిన్నప్పుడు నన్ను దీన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు" అంది. "సంవత్సరానికి ఒక్కసారి, చెవి వెనక వేలు పెట్టనిచ్చేవారు. హలో గ్రాండ్‌మా అనేదాన్ని."

మా ఆయన ఏదో అనబోయారు. "సారీ అండీ, అసలు తను ఇంటెన్షనల్‌గా..."

"నాకు కోపంగా ఉంది" అందామె. "కాసేపు ఉండనివ్వండి."

ఉండనిచ్చాం. ముగ్గురం కూర్చున్నాం. టీ పెట్టనా అని కూడా అడగలేదు. అంత పొడుగైన పది నిమిషాలు నా జీవితంలో తక్కువ. ఆమె లోపలి జాకెట్టు ముక్క చూసి, "ఇదేంటి?" అంది. నేను లేచి జిప్‌లాక్ సంచిలో దాచిన పాత గుడ్డ తెచ్చిచ్చాను. మడత పెట్టి ఉంది. ఆమె తీసి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"మీరు దీన్ని కూడా ఉతికేశారా?"

"ఉతికాను."

"డ్రయర్ షీట్ కూడా వేశారు."

"వేశాను."

ఆమె ముఖం చేతుల్లో పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. తల ఎత్తితే నవ్వూ ఏడుపూ రెండూ ఉన్నాయి. "మా నాన్న చెప్పేవారు మీ గురించి. ఆ మేడమ్ చేతికి ఏదైనా ఇస్తే శుభ్రంగా తిరిగొస్తుందని."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పొట్లం తీసింది. విప్పితే నిమ్మకాయంత తెల్ల సుద్ద ముద్ద, ఒక వైపు అరిగి ఉంది. "పొద్దున పెట్టె మూసేముందు నాన్న నుదుటికి రాశాను. మిగిలింది." నావైపు జరిపింది. "తీసేసింది మీరు. పెట్టాల్సింది మీరే."

నేను పెట్టకూడదేమో అన్నాను. నేను మీవాళ్ళని కాదు కదా అన్నాను. ఆమె గంటని రెండు చేతులతో పట్టుకుని నా ముందుకు వంచింది. వేలు తడి చేసి సుద్ద మీద రుద్దాను. నా జీవితంలో ఎన్ని గడపలకు పసుపు రాశాను, ఎన్ని ముగ్గులు పెట్టాను. అయినా ఇది నా చేతికి కొత్త. ఎడమ చెవి వెనక పెట్టాను. కుడి చెవి వెనక పెట్టాను. అంత దగ్గరగా ఆ కళ్ళలోకి చూడడం అదే మొదలు. భయం పోలేదు. అది పోవాలని మాస్టారూ అనలేదు.

ఆమె ఉతికిన గుడ్డనే లోపల కుక్కింది. నేను కారుదాకా వెళ్ళాను. గంటని పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు వేసింది. కారు మలుపు తిరిగేటప్పుడు పడమటి ఎండ అద్దంలోంచి దాని మీద పడి, ఎర్రగా వెలిగింది. చెవి వెనక తెల్లటి గీత ఒక్క క్షణం కనబడింది.

లోపలికొచ్చి చేతులు కడుక్కోలేదు. చూపుడువేలి గోటి కింద సుద్ద ఉండగానే నోటుబుక్కు తీశాను.

మార్చి 15, శనివారం. పనులు ఒకటి. మాస్టారికి బాకీ ఉన్న మాట, ఆయన కూతురికి చెప్పడం. సాయంత్రం నాలుగుంపావు. చెల్లు.